సూయీ, ముల్లు

రికార్డు మీద నడిచేదాన్ని తెలుగులో ముల్లు అంటారు. మా ఇంట్లో సూయీ. అమ్మీ కుట్టు మిషన్‌లో ఉండేదీ సూయీయే, అబ్బా రికార్డ్ ప్లేయర్‌లో ఉండేదీ సూయీయే. కోఠీ దుకాణాల్లో మాత్రం పిన్ను. మూడు పేర్లు తెలిసి కూడా ఆ వస్తువు సంపాదించడానికి నాకు ఎనిమిది నెలలు పట్టింది.

అబ్బా నల్గొండలో రెవెన్యూ గుమాస్తా. 1975లో హెచ్.ఎం.వి. ఫియెస్టా కొన్నాడు. సూట్‌కేసులా మూతపెట్టి మోసుకుపోయే రకం. నాకు ఊహ తెలిసేటప్పటికే చెక్కపెట్టె నిండా రికార్డులు. బేగం అఖ్తర్ గజళ్లు, అజీజ్ అహ్మద్ ఖాన్ వార్సీ ఖవ్వాలీలు, ఘంటసాల పద్యాలు, ఆయన పాడిన భగవద్గీత, ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టి శ్రీరంగంలో స్థిరపడిన షేక్ చినమౌలానా నాదస్వరం. ఘంటసాల 1974 ఫిబ్రవరిలో పోయాడు. అదే ఏడు అక్టోబర్‌లో బేగం అఖ్తర్. 'ఒక్క ఏడాదిల రెండు గొంతులు పోయినయ్, అందుకే మిషన్ కొన్న' అనేవాడు అబ్బా. అమ్మీ మాత్రం ఈ మాట ఏనాడూ నమ్మలేదు. ఎరియర్సు చేతికొచ్చి కొన్నాడంటుంది.

తర్వాత మామూ దుబాయ్ నుంచి టేప్ రికార్డర్ తెచ్చాడు. ప్లేయర్ అటకెక్కింది. మా బంధువుల రికార్డులన్నీ కిలోల లెక్కన జుమ్మెరాత్ బజార్‌కు చేరాయి. అబ్బా మాత్రం అమ్మలేదు. ఆయన పోయాక ఇల్లు భాయీకి, పెట్టె నాకు వచ్చాయి. పంచుకునేటప్పుడు భాయీ అన్నాడు: 'ఖవ్వాలీల వరకు సరే. కలిమా చదివే ఇంట్లో గీత ఎందుకురా, ఎవరికన్నా ఇచ్చెయ్.' ఆయనకు ఇప్పుడు ఏ పాటా గిట్టదు, అది వేరే సంగతి. నేను ఇవ్వలేదు. ఆ పెట్టెలో ఒక్క రికార్డు తీసినా అది అబ్బా పెట్టె కాదు.

అయితే దాచుకోవడం వేరు, వినడం వేరు. పాత ముల్లు మొన అరిగి ఉంది. అరిగిన ముల్లుతో వేస్తే పాట వస్తుంది, కానీ వేసిన ప్రతిసారీ గాడిని చెక్కేస్తుంది. పోయింది మళ్లీ రాదు. ముల్లు జారుతోందని చేయి మీద పావలా బిళ్ల పెట్టేవాళ్లు మీ ఇళ్లల్లోనూ ఉండే ఉంటారు. జారడం ఆగుతుంది, బరువుకు గాడి ఇంకా తొందరగా పాడవుతుంది. అందుకే కొత్తది దొరికేదాకా ఏదీ వేయకూడదనుకున్నాను.

కోఠీ గుజరాతీ గల్లీలో ఒక దుకాణంలో అడిగాను. పేరు చెప్పగానే 'ఖవ్వాలీలు పెట్టుకుంటరా సాబ్?' అన్నాడు. ఘంటసాల కూడా ఉన్నాడన్నాను. 'అరె, తెలుగు మంచిగ మాట్లాడ్తరే!' అన్నాడు. ఇరవై ఏళ్లుగా తెలుగు పత్రికలకు రాసి బతుకుతున్నవాణ్ని. ఈ సర్టిఫికెట్ నాకు నెలకోసారి అందుతూనే ఉంటుంది. ఇదే సంగతి ఉర్దూ పత్రిక ఆఫీసులో చెబితే ఒకాయన నవ్వాడు: 'ఘంటసాలా? మియా, మీరు పూరా ఆంధ్రావాలే అయిపోయారు!' నల్గొండవాణ్ని పట్టుకుని!

జుమ్మెరాత్ బజార్‌లో ఒక పెద్దాయన సూయీ అనగానే కుట్టు మిషన్ సూదుల పాకెట్ తీసిచ్చాడు. ఆయన్నేమనగలం? జపాన్‌లో ఇప్పటికీ పాత ప్లేయర్లకు ముళ్లు చేసిపెట్టే జికో కంపెనీ కూడా 1873లో కుట్టుసూదులతోనే మొదలైంది.

చివరికి దారి చూపింది కోఠీలోనే ఒక ముసలి మెకానిక్. ప్లేయర్ పేరు అడగొద్దన్నాడు. ముల్లు అతికేది కార్ట్రిడ్జ్‌కు. మధ్యలో ఎవరో దాన్ని మార్చి ఉండొచ్చు. చేయి తలకింద భూతద్దం పెట్టి చూస్తే సన్నటి అక్షరాల్లో నంబరు కనిపించింది. ఆ నంబరే అసలు చిరునామా. దానికి సరిపోయేది తిప్పుడు ముల్లు. చిన్న మీట ఒకవైపు తిప్పితే పాత 78 రికార్డులకు, రెండోవైపు తిప్పితే ఎల్పీలకు. 78 మొన ఎల్పీ మొనకన్నా దాదాపు మూడింతలు లావు. దాన్ని ఎల్పీ మీద పెడితే గాడిలో దిగదు, గోడల్ని గీరేస్తుంది. నీలం రాయి మొన చవక, వజ్రం మొన దానికి ఎన్నో రెట్లు మన్నుతుంది. ఎల్పీ వైపు వజ్రమున్నదే తెప్పించమన్నాను.

ఈ తిప్పుడు ముల్లు చూసి ఒక మిత్రుడు 'అచ్చం నీలాగే, ఇటు ఉర్దూ అటు తెలుగు' అన్నాడు. పోలిక బాగానే ఉంది గానీ నాకు నచ్చలేదు. ఆ రెండు మొనలూ ఎన్నడూ ఒకే రికార్డు మీద నడవవు. మా ఇంట్లో అమ్మీ మొదలుపెట్టే ఒక వాక్యంలోనే రెండు భాషలుంటాయి. మీట తిప్పే చప్పుడు ఎవరికీ వినపడదు.

ముల్లు వచ్చిన ఆదివారం ముందుగా చినమౌలానా సాబ్‌ను పెట్టాను. 1998లో సంగీత కళానిధి బిరుదు అందుకున్నాడాయన. నమాజ్ తప్పని మనిషి, గుళ్లల్లో నాదస్వరం వాయించాడు. రెండో వైపు తిప్పుతుంటే కింది ఇంటావిడ తలుపు కొట్టింది.

'మేళం వినొస్తంది, మీ ఇంట్ల పెండ్లా అమ్మా?'

'మౌలానా సాబ్ వాయిస్తున్రు, ఆవో, కూసో' అంది అమ్మీ, కుర్చీ మీది బట్టలు తీస్తూ.