రవ్వ ఎవరిది, ఎండ ఎవరిది?

యానాదులకు నిప్పు ఒక పనిముట్టు. గుడివాడ చుట్టుపక్కల వరిచేలల్లో ఎలుకలు పట్టేటప్పుడు మట్టికుండలో గడ్డి కూరి, నిప్పు రాజేసి, కుండ మూతిని కలుగుకు ఆనించి, అడుగు చిల్లులోంచి పొగ ఊదుతాం. గాలి ఎటు వీస్తోందో, చుట్టూ గడ్డి ఎంత ఎండిందో చూసుకోకుండా కుండ ముట్టించం. పచ్చగా ఉన్న గట్టు మీద రవ్వ పడితే ఆరిపోతుంది. ఎండిన గట్టు మీద పడితే చేనే పోతుంది.

అడవి మంటల మీద నాయకుల వాదన వింటే మాకు ఈ లెక్కే గుర్తొస్తుంది. 2019-20 వేసవిలో ఆస్ట్రేలియా అడవులు కాలిపోయాయి. నిప్పు పెట్టిన దుండగులదే తప్పని కొందరన్నారు, వాతావరణ మార్పు వల్లేనని కొందరన్నారు. చాలా పెద్ద మంటలు పిడుగులతో మొదలయ్యాయి. ఆ దేశంలో అప్పటిదాకా నమోదైన ఏళ్లలో 2019 అత్యంత వేడిగా, అత్యంత పొడిగా గడిచింది. అంతటి మంటలకు అనువైన వాతావరణం ఏర్పడే అవకాశం భూతాపం వల్ల కనీసం 30 శాతం పెరిగిందని శాస్త్రవేత్తలు తేల్చారు.

మన దేశంలో అడవి నిప్పు ఎక్కువగా మనుషుల చేతి మీదుగానే మొదలవుతుంది. దాన్ని కాదనం. కానీ కొండ అంటుకోగానే వేలు పోడు కొట్టేవాళ్ల మీదికి, ఇప్పపువ్వు ఏరేవాళ్ల మీదికి పోతుంది. తాతల నాటి నుంచి అదే కొండ మీద నిప్పు వాడుకున్నవాళ్లు వాళ్లు. ఎండలు ముదిరి, ఆకులు ముందే ఎండిపోతే, ఆ ఎండబెట్టిన తప్పు కూడా వాళ్లదేనా?

దివిసీమలో కొండలు లేవు, మడ అడవి ఉంది. ఇక్కడ ఈ వాదన నీళ్ల రూపంలో వచ్చింది. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద 11.43 లక్షల క్యూసెక్కులు దాటింది. మీ పాలన తప్పంటే మీ పాలన తప్పని పార్టీలు తిట్టుకున్నాయి. ఆ మాటల మధ్య లంక గ్రామాల్లో నీళ్లు నిలిచాయి.

ఉప్పునీటి సంగతీ అంతే. 1901 నుంచి 2018 దాకా ప్రపంచ సముద్రమట్టం సుమారు 20 సెంటీమీటర్లు పెరిగింది. మరోవైపు కృష్ణమ్మ తెచ్చే ఒండ్రు శ్రీశైలం, నాగార్జునసాగర్ జలాశయాల్లో ఆగిపోతోంది. ఒండ్రు రాని ఒడ్డును కడలి కోస్తుంది. మొదటిది లోకమంతా కలిసి చేసింది, రెండోది మనం కట్టుకున్న ఆనకట్టలు చేసింది. రెండూ నిజమే. ఒకటి చెప్పి రెండోది దాచితేనే మోసం.

1977 నవంబరు 19 ఉప్పెన దివిసీమలో వేలమందిని మింగింది. అప్పటికి ఇక్కడ భూతాపం మాట ఎవరూ ఎత్తలేదు. తర్వాత హెచ్చరికలు మెరుగయ్యాయి, తుపాను షెల్టర్లు వచ్చాయి. తుపానులు ఆగలేదు గాని చావులు బాగా తగ్గాయి. అంటే గాలి మన చేతిలో లేకపోయినా కాపాడుకోవడం మన చేతిలో ఉంది. అందుకే "అంతా వాతావరణ మార్పే" అని అధికారంలో ఉన్నవాళ్లు చేతులు దులుపుకుంటే మేము ఒప్పుకోం. "అంతా అక్కడివాళ్ల తప్పే" అంటే అసలే ఒప్పుకోం.

కాలువ గట్టున పట్టా లేని గుడిసె కొట్టుకుపోతే నష్టం లెక్కలోకి రావడం కష్టం. వల పోయినా, పీతల బుట్ట పోయినా అంతే. ఎవరి వాదన గెలిచినా ఆ ఇంటికి బియ్యం రావు.

ఉపాధ్యాయులకు మా మనవి ఒకటే. ఈ పాఠం చెప్పేటప్పుడు పిల్లల చేత మూడు ప్రశ్నలు అడిగించండి. రవ్వ ఎవరిది? ఎండబెట్టింది ఏది? కాపాడాల్సినవాళ్లు ఏం చేశారు? మూడింటికీ వేర్వేరు జవాబులు ఉంటాయి. మచిలీపట్నంలో చదువుకుంటున్న మన పిల్లలు ఇంకో ప్రశ్నతో ఊరికి రావాలి. వచ్చే తుపానుకు ముందే గ్రామసభలో నిలబడి అడగాలి: గట్టు మీద ఎన్ని గుడిసెలున్నాయో ఎవరైనా రాసుకున్నారా?