మార్క్ ట్వేన్ ఇంట్లో

సెప్టెంబర్ 14, శనివారం, హార్ట్‌ఫర్డ్

ఈ ఇంట్లో మన ఇష్టం వచ్చినట్టు తిరగడానికి లేదు. టికెట్ మీద టైము వేసి ఇస్తారు. ఆ టైముకి గైడు వచ్చి లోపలికి తీసుకెళ్తారు. మాకు వచ్చినావిడకి డెబ్బై దాటి ఉంటాయి. చేతిలో కాగితం ముక్క లేదు.

1874లో కట్టిన ఇల్లు, పాతిక గదులు. హాలు గోడల మీద వెండి రంగు అచ్చుపని 1881లో లూయీ టిఫనీ బృందం చేసిందట. ఆ వైభవం దగ్గర ఆవిడ ఎక్కువసేపు ఆగలేదు. లైబ్రరీలో మాత్రం అందరినీ నిలబెట్టేసింది. అక్కడ స్కాట్లండ్ కోట ఒకదాని నుంచి తెచ్చిన పెద్ద ఫైర్‌ప్లేసు ఉంది. దాని గట్టు మీద వరసగా బొమ్మలు, పూలకుండీలు. ఒక కొసన పిల్లి పటం, రెండో కొసన ఒక అమ్మాయి పటం. ఆ అమ్మాయికి ఇంటివాళ్ళు పెట్టుకున్న పేరు ఎమలీన్. ముగ్గురు కూతుళ్ళూ ట్వేన్ చుట్టూ చేరి కథ చెప్పమని వేధించేవారట. పిల్లితో మొదలెట్టాలి, వరస తప్పకుండా గట్టు మీదున్న ప్రతి వస్తువునీ కథలోకి లాగాలి, ఎమలీన్ దగ్గర ముగించాలి. చెప్పిన కథ మళ్ళీ చెబితే ఒప్పుకునేవారు కాదు.

"మీలో ఎవరైనా మొదలెడతారా?" అందావిడ. మా మనవడు చెయ్యెత్తి, "పిల్లి పారిపోయింది" అన్నాడు. రెండో వస్తువు దగ్గరే ఆగిపోయాడు. అప్పటిదాకా ఫోనులోంచి తల ఎత్తనివాళ్ళు కూడా ఆ గట్టు కేసి చూశారు, తర్వాతేం చెప్పాలా అని.

మూడో అంతస్తులో బిలియర్డ్స్ గది. రాతప్రతుల కాగితాలు ఆ బల్ల మీదే పరుచుకునేవాడట. ఎవరో, "అయితే టామ్ సాయర్ ఇక్కడే రాశాడన్నమాట" అన్నారు. "అవునంటే మీకూ సంతోషం, నాకూ సంతోషం. కానీ ఆ పుస్తకాల్లో చాలా భాగం వేసవుల్లో ఎల్మైరాలో రాసినవే, వాళ్ళ వదినగారి పొలంలో" అంది ఆవిడ. ఆ మాటతో నాకు ఆవిడ మీద గురి కుదిరింది.

సెప్టెంబర్ 15, ఆదివారం

నిన్న మ్యూజియంలో చూసిన యంత్రం కళ్ళముందు నుంచి పోవడం లేదు. పేజ్ కంపోజిటర్ అని, అక్షరాలు కూర్చే యంత్రం. దాదాపు 18,000 భాగాలట. సీసపు అక్షరాలు చేత్తో కూర్చే పని తప్పిపోతుందని ట్వేన్ దాని మీద లక్షల డాలర్లు పోశాడు. ఈలోగా లైనోటైప్ వచ్చి మార్కెట్ ఎగరేసుకుపోయింది. కుర్రాడిగా ప్రెస్సులో అక్షరాలు కూర్చినవాడు ఆ యంత్రం చేతిలోనే చితికిపోయాడు. ఇల్లు గడవక 1891లో యూరప్ వెళ్ళారు. 1894లో దివాలా. అప్పులు తీర్చడానికి ఉపన్యాసాలు ఇస్తూ ప్రపంచమంతా తిరిగాడు. 1896 జనవరిలో బొంబాయిలో దిగింది ఆ తిరుగుడులోనే. ఆ ఆగస్టులో పెద్దమ్మాయి సూజీ ఈ ఇంట్లోనే మెదడు పొరల వాపుతో పోయింది, 24 ఏళ్ళకి. తండ్రి ఇంగ్లండులో ఉన్నాడు, తల్లి ఓడలో ఉంది. ఆ తర్వాత ఆ దంపతులు ఇక్కడ కాపురం ఉండలేదు. 1903లో అమ్మేశారు.

ఆ మనిషి అప్పుల గురించి, ఆ పిల్ల చావు గురించి గైడు ఏమీ దాచలేదు. జార్జ్ గ్రిఫిన్ సంగతీ అంతే. బానిసగా పుట్టినవాడు, కిటికీలు తుడవడానికి వచ్చి ఏళ్ళ తరబడి ఈ ఇంట్లో బట్లరుగా ఉండిపోయాడు. యజమాని గదుల దగ్గర ఎంతసేపు నిలబెట్టిందో, అతని గది దగ్గరా అంతసేపూ నిలబెట్టింది.

సెప్టెంబర్ 18, బుధవారం

అమ్మేశాక ఆ ఇంట్లో బడి నడిచింది, వాటాలు చేసి అద్దెకిచ్చారు. 1929లో కూలగొట్టకుండా ఆపినావిడ క్యాథరిన్ సీమోర్ డే, పక్కింటి హారియట్ బీచర్ స్టో చెల్లెలి మనవరాలు. ఇల్లు కొనడానికి చేసిన అప్పు తీర్చడానికి కొన్నాళ్ళు కింది అంతస్తుని లైబ్రరీకి అద్దెకిచ్చారు. ఎక్కడెక్కడికో పోయిన సామాను కొంత వెతికి తెచ్చారు. వెనిస్‌లో కొన్న దేవదూతల మంచం కూతురు క్లారా ఇచ్చింది. ఆ చెక్కడం కనబడాలని దంపతులు కాళ్ళవైపు తల పెట్టుకుని పడుకునేవారట.

కోడలితో ఇదంతా చెబుతుంటే, "మామయ్యా, మీరు చిన్నప్పుడు ఈయన్ని చదివారా?" అంది. చదవకేం! నండూరి రామమోహనరావు గారి తెలుగులో టామ్ సాయర్ చదివాకే కదా మిసిసిపీ అన్న పేరు తెలిసింది. ట్వేన్ 'రాజు-పేద' అయితే 1954లో సినిమాగానూ వచ్చింది.

సెప్టెంబర్ 21, శనివారం

ఈవేళ గురజాడ పుట్టినరోజు. విజయనగరంలో ఆయన ఇంటి దగ్గర దండలు వేసే ఉంటారు. ఆ ఇల్లు ఉంది, అదే పెద్ద అదృష్టం. కానీ దండ ఏడాదికోసారి. మిగతా రోజుల్లో ఏ బడి పిల్లాడో వస్తే వాడికి పటాలు కనిపిస్తాయి, హార్ట్‌ఫర్డ్‌లో లాగా కథ వినిపించదు.

చెప్పడానికి సరుకు లేకనా? ఆ కాలంలో విశాఖ జిల్లాలో మూడేళ్ళలో 1,034 కన్యాశుల్కం పెళ్ళిళ్ళు లెక్కకొచ్చాయని 'కన్యాశుల్కం' నాటకం ముందుమాటలో ఆయనే రాశాడు. ఆ లెక్క తీయించింది విజయనగరం మహారాజు ఆనంద గజపతి. నాటకం తొలిసారి ఆడింది 1892లో ఆ ఊళ్ళోనే. ఆ అంకె చెప్పి, "మీ క్లాసులో ఆడపిల్లలు ఎంతమంది?" అని అడిగితే చాలు, పిల్లలు జన్మలో మరిచిపోరు. రాజమండ్రిలో కందుకూరి ఇల్లూ అంతే. 1881లో తొలి వితంతు వివాహం జరిపించిన మనిషి ఎన్ని తిట్లు తిన్నాడో ఆ గుమ్మంలో నిలబడి చెప్పాలి.

అద్దాల బీరువాలు, రంగులు తర్వాత. ముందు మాట్లాడే మనిషి కావాలి. విజయనగరం కాలేజీల్లో తెలుగు ఎమ్మే చదివే పిల్లలు పది మందిని తీసుకుని, ఆదివారం ఆదివారం అరగంట చెప్పించండి. పొగడ్తలు వద్దు, అప్పులూ జబ్బులూ గొడవలూ అన్నీ చెప్పనివ్వండి. వాళ్ళ దారిఖర్చులకి నా పెన్షనులోంచి నా వంతు నేనిస్తాను. ఊరెళ్ళగానే గురజాడ ఇల్లు చూసే కమిటీవాళ్ళకి ఈ మాటే రాయాలి.