అయ్యాక మాట్లాడదాం

2012లో, ఆంధ్రా యూనివర్సిటీలో పీజీ చేస్తున్న రోజుల్లో, ప్రతి ఆదివారం చినవాల్తేరులో ఒక మేడమీది గదిలో సినిమాలు వేసుకునేవాళ్ళం. అరువు ప్రొజెక్టరు, గోడకి తెల్ల దుప్పటి, పది పన్నెండు మందిమి. ఆ రోజు వేసింది రోమన్ పొలాన్‌స్కీ 'చైనాటౌన్'. సినిమా చివర్లో, డబ్బూ పలుకుబడీ ఉన్న ఒక ముసలాడు, కన్నకూతురి మీద తాను చేసిన ఘోరానికి పుట్టిన పిల్లని పోలీసుల కళ్ళముందే తన వెంట తీసుకుపోతాడు. లైటు వేశాక కాసేపు ఎవరం మాట్లాడలేదు. తర్వాత అందరం కలిసి ఆ ముసలాణ్ణి తిట్టుకున్నాం.

అప్పుడు మా జూనియర్ ఒకమ్మాయి అడిగింది: "అన్నా, ఇది తీసినాయన మీద కేసుంది కదా, పదమూడేళ్ళ పిల్లది. దాని గురించి మాట్లాడుకోమా?"

నా దగ్గర జవాబు రెడీగా ఉంది. "సినిమా వేరు, మనిషి వేరు. కేసు కోర్టులో ఉంది, కోర్టే తేలుస్తుంది." అందరూ తలలూపారు. బాగా చెప్పానని నాకు లోపల గర్వం కూడా.

నిజానికి ఆ కేసు గురించి నాకప్పుడు తెలిసింది తక్కువ. తర్వాత చదివాను. 1977 మార్చి 10న లాస్ ఏంజెలెస్‌లో, నటుడు జాక్ నికల్సన్ ఇంట్లో జరిగింది. ఆయన ఆ టైంలో ఊళ్ళో లేడు. ఫొటోలు తీస్తానని అమ్మాయిని తీసుకెళ్ళిన పొలాన్‌స్కీకి 43 ఏళ్ళు. ఆరు అభియోగాలు పెట్టారు. ఒప్పందం ప్రకారం అందులో ఒకటి, మైనరుతో చట్టవిరుద్ధమైన లైంగిక సంబంధం, ఆయన ఆగస్టులో కోర్టు ముందు ఒప్పుకున్నాడు. మానసిక పరీక్షల కోసమని జైల్లో 42 రోజులున్నాడు. జడ్జి మాట తప్పి మళ్ళీ జైలుకి పంపబోతున్నాడని తెలిసి, 1978 ఫిబ్రవరి 1న విమానమెక్కేశాడు. జడ్జి తీరు మీద ఆయన వైపు ఫిర్యాదు ఉత్తదేం కాదు. నాటి ప్రాసిక్యూటరే దాన్ని బలపరుస్తూ ఇచ్చిన వాంగ్మూలం 2022లో బయటికొచ్చింది.

అయినా ఒకటి మాత్రం మిగిలే ఉంది. ఇది "చేశాడా లేదా" అని తేలాల్సిన కేసు కాదు. నేరం ఒప్పుకున్నాక, శిక్ష దగ్గర ఆగిపోయిన కేసు. కోర్టు తేలుస్తుందని నేనన్నది, కోర్టు ముందు ఎప్పుడో ఒప్పుకున్న సంగతి గురించి.

మా నాన్న పోర్టులో పనిచేసేవారు. బాకీ ఎగ్గొట్టిన ఓడని కోర్టు ఆర్డరుతో రేవులోనే నిలిపేస్తారనీ, దాన్ని 'ఓడని అరెస్టు చెయ్యడం' అంటారనీ ఆయన చెబితే చిన్నప్పుడు నవ్వొచ్చేది. "మరి పారిపోతే?" అంటే, "దాటిపోయాక ఏం చేస్తాంరా, ఇంకో రేవులో పట్టుకోవాలి" అనేవారు. పొలాన్‌స్కీ కథ అచ్చం అంతే. ఫ్రాన్స్ తన పౌరుణ్ణి అప్పగించదు. 2009లో జ్యూరిక్‌లో పట్టుకున్నారు, 2010లో స్విట్జర్లాండ్ వదిలేసింది. 2015లో క్రాకోవ్ కోర్టు కూడా కుదరదంది. మధ్యలో 2003లో 'ది పియానిస్ట్'కి ఉత్తమ దర్శకుడిగా ఆస్కార్ ఇచ్చారు. ఆయన వస్తే అరెస్టు చెయ్యాల్సిన ఊళ్ళోనే, ఆయన లేకుండా, హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. 2018లో అదే అకాడమీ ఆయన్ని సభ్యత్వం నుంచి తీసేసింది.

ఇన్నేళ్ళలో ఆ అమ్మాయి పెద్దదైంది, తల్లయింది. 2013లో సమంత గైమర్‌గా తన పేరుతోనే పుస్తకం రాసుకుంది. 2017లో లాస్ ఏంజెలెస్ కోర్టుకొచ్చి, ఇక ఈ కేసు ముగించండి, నన్నూ నా కుటుంబాన్నీ వదిలెయ్యండి అని అడిగింది. జడ్జి కాదన్నాడు. న్యాయానికి దొరక్కుండా తిరుగుతున్నవాడికి మినహాయింపు ఇవ్వలేమన్నది కోర్టు వాదన. నేరం సమాజం మీద జరిగినట్టు లెక్క కాబట్టి అదీ సబబే. కానీ ఆ సమాజమే ఒక చేత్తో ఫైలు తెరిచి ఉంచి, రెండో చేత్తో చప్పట్లు కొట్టింది కదా. పెండింగ్‌లో ఉన్న కేసుతో ఆయన పారిస్‌లో ఇంకో సినిమా తీసుకోగలిగాడు. అభిమానులు "చూద్దాం" అనుకోగలిగారు. ఎప్పటికీ పదమూడేళ్ళ దగ్గరే ఆగిపోయింది ఆవిడ ఒక్కతే.

మనకీ ఈ 'చూద్దాం' కొత్తేం కాదు. 2018లో ఒక నటి హైదరాబాద్ ఫిల్మ్ ఛాంబర్ ముందు నిరసనకి దిగాక, తెలుగు పరిశ్రమలో వేధింపుల మీద తెలంగాణ ప్రభుత్వం 2019లో ఓ కమిటీ వేసింది. 2024లో కేరళలో హేమ కమిటీ రిపోర్టు బయటికొచ్చాక, మరి మన రిపోర్టేదని ఇంకో నటి బహిరంగంగా అడగాల్సొచ్చింది.

నా సంగతికొస్తాను. 'చైనాటౌన్' చూసిన రెండు నెలలకి అదే అమ్మాయి బీచ్‌రోడ్డులో నన్ను ఆపింది. మా గ్రూపులో షార్ట్‌ఫిల్మ్ తీస్తున్న ఒకతను ఎడిటింగ్ పేరుతో రాత్రిళ్ళు పిలుస్తున్నాడనీ, ఒకసారి వెళ్తే తలుపుకి అడ్డం నిలబడ్డాడనీ చెప్పింది. చెబుతున్నంతసేపూ నా వైపు చూడలేదు. ఆ షార్ట్‌ఫిల్మ్ ఒక ఫెస్టివల్‌కి వెళ్తోంది. గ్రూపు నుంచి అలా వెళ్తున్న మొదటిది. అందుకే, "ఫెస్టివల్ అయ్యాక మాట్లాడదాం" అన్నాను.

ఫెస్టివల్ అయింది. నేను మాట్లాడలేదు. ఆ అమ్మాయి ఆదివారాలు రావడం మానేసింది. ఎందుకు మానేసిందని ఎవరైనా అడిగితే "ప్రాజెక్టు వర్కులో బిజీ" అని నేనే చెప్పేవాణ్ణి. నా దగ్గర కోర్టు లేదు, జడ్జి లేడు, సరిహద్దులూ లేవు. అతను ఉండేది రెండు వీధుల అవతల. వెళ్ళి అడగడానికి పది నిమిషాలు చాలు. ఆ పది నిమిషాలు పన్నెండేళ్ళు పెండింగ్‌లో పెట్టాను.

పోయినేడాది ఆమె నంబరు సంపాదించి మెసేజ్ పెట్టాను. క్షమించమన్నాను, ఇదంతా రాయొచ్చా అనీ అడిగాను. పెట్టాక అనిపించింది, మర్చిపోయి బతుకుతున్న మనిషిని నా భారం దించుకోడానికి మళ్ళీ ఆ గుమ్మం దగ్గరికే లాక్కొస్తున్నానేమోనని. రెండు రోజులకి జవాబొచ్చింది.

"రాసుకో అన్నా. నా పేరు వద్దు. నువ్వన్న మాట మాత్రం ఉన్నదున్నట్టు రాయి."

అందుకే పైన ఆ మాట పెట్టాను.