ఫలక్‌నుమా దాకా వెళ్లని రెండు రైళ్లు

మా శ్రీకాకుళం వాళ్లకి రైలెక్కాలంటే ముందు ఆమదాలవలస వెళ్లాలి. స్టేషన్ బోర్డు మీద ‘శ్రీకాకుళం రోడ్’ అని ఉంటుంది కానీ ఊరు అక్కడ ఉండదు. టౌన్ నుంచి ఆటోనో బస్సో పట్టుకుని పది కిలోమీటర్లు దాటి రావాల్సిందే. చిన్నప్పటి నుంచీ అలవాటే కాబట్టి ఎవరూ ఏమీ అనుకోం.

మొన్న నాన్నతో కలిసి అక్కడే ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. హైదరాబాద్‌లో ఉండే చిన్నత్తని చూడ్డానికి. అత్త ఉండేది కూడా ఫలక్‌నుమా దగ్గరే.

“అయితే ఈ రైలు తిన్నగా చెల్లి ఇంటికే ఎల్తాదన్నమాట” అన్నాడు నాన్న.

“లేదు నాన్నా, సికింద్రాబాద్‌లో ఆగిపోతుంది.”

“మరి ఆ పేరెందుకెట్టారు?”

నా దగ్గర సమాధానం లేదు. “అక్కణ్ణుంచి మెట్రోలో వెళ్దాంలే” అన్నాను. ఆ మెట్రో కూడా ఫలక్‌నుమా వెళ్లదని అప్పుడు చెప్పలేదు.

నా ఉద్యోగం, మెట్రో కలిసి పెరిగాయి

2017లో అమీర్‌పేటలో కోర్సు నేర్చుకోడానికి హైదరాబాద్ వచ్చాను. రూమ్‌లో ఐదుగురం. మాలో ముగ్గురిది శ్రీకాకుళం, ఇద్దరిది విజయనగరం. ఆ నవంబర్ 28న మెట్రో ప్రారంభమైంది. మర్నాటి నుంచి జనాన్ని ఎక్కించుకున్నారు. మియాపూర్ నుంచి అమీర్‌పేట దాకా, అటు నాగోల్ నుంచి అమీర్‌పేట దాకా, మొత్తం 30 కిలోమీటర్లు. టికెట్ పది రూపాయల నుంచి అరవై దాకా. పని లేకపోయినా మియాపూర్ వెళ్లి వచ్చాం, సెల్ఫీల కోసం.

నిజంగా అవసరం తీరింది మాత్రం 2018 సెప్టెంబర్ 24న. అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్ దాకా 16 కిలోమీటర్లు తెరిచారు. మన వైపు నుంచి వచ్చే బస్సులు విజయవాడ హైవే మీదుగా తెల్లారేసరికి ఎల్బీనగర్‌లో దింపుతాయి కదా! అంతకుముందు బియ్యం మూట, పచ్చడి జాడీ పట్టుకుని సిటీ బస్సు కోసం నిలబడేవాణ్ణి. ఆ తర్వాత మూటతోనే మెట్రో ఎక్కాను.

2019 మార్చి 20న హైటెక్ సిటీ దాకా వచ్చింది. నాకు ఉద్యోగం వచ్చిందీ ఆ ఏడాదే. మొదట్లో ఆ మార్గంలో కొన్ని స్టేషన్లు తెరవనే లేదు. పైగా చివర్లో రైలు ట్రాక్ మారే ఏర్పాటు పూర్తికాక, హైటెక్ సిటీకి రైళ్లు ఆలస్యంగా వచ్చేవి. నవంబర్‌లో రాయదుర్గం కలిశాక ఊపిరాడింది. 2020 ఫిబ్రవరి 7న జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్ లైను. దాంతో 69 కిలోమీటర్లయ్యాయి. నెలన్నర తిరక్కుండానే కరోనాతో అన్నీ బంద్. నేను ఊరికి, రైళ్లు డిపోకి.

ఇలా ఒక్కో ముక్క తెరుచుకున్నప్పుడల్లా నా రోజులో కొంత టైమ్ మిగిలింది. అందుకే మెట్రో పూర్తయిపోయిందనే అనుకుంటూ వచ్చాను. నేను తిరిగే దారులన్నీ పూర్తయ్యాయి మరి.

రైలు ఎక్కడ పడుకుంటుంది?

సికింద్రాబాద్ ఈస్ట్‌లో మెట్రో ఎక్కగానే నాన్న కిటికీకి అతుక్కుపోయాడు. ఇరవై ఏళ్ల కిందట కూకట్‌పల్లిలో తాపీ పనికి వచ్చిన మనిషి. ఆయనకి తెలిసిన హైదరాబాద్ అంటే బస్సు ఫుట్‌బోర్డే.

“మేడల మీంచి ఎల్తంది. మరి రాత్రేళ ఈ రైళ్లన్నీ ఎక్కడెడతారు?”

మంచి ప్రశ్న. మెట్రోని ఎక్కడ పడితే అక్కడ మొదలుపెట్టలేరు. రైళ్లని కడగడానికి, రిపేరు చెయ్యడానికి, రాత్రిళ్లు నిలపడానికి డిపో కావాలి. హైదరాబాద్‌లో ఒకటి మియాపూర్‌లో, ఇంకోటి ఉప్పల్‌లో ఉంది. మొదటి దశ ఆ రెండు వైపుల నుంచే బయల్దేరి అమీర్‌పేటలో కలవడంలో ఆ లెక్క కూడా ఉంది. డిపోకి దూరంగా ఎల్బీనగర్ వైపు ముందే స్తంభాలు లేచినా, దాన్ని విడిగా నడపలేరు. పాత లైనుకి అతుక్కున్నాకే రైలు అక్కడికి వెళ్తుంది. ప్రతి ముక్కకీ భద్రతా కమిషనర్ వచ్చి చూసి అనుమతి ఇవ్వాలి. అప్పుడే గేట్లు తెరుస్తారు.

అంటే దశలు తప్పు కాదు. అంతా అయ్యాకే తెరుద్దాం అని కూర్చుంటే నేను 2020 దాకా బియ్యం మూటతో బస్సు కోసం నిలబడేవాణ్ణి. కాకపోతే ఏ ముక్క ముందు, ఏ ముక్క తర్వాత అన్నది ఇంజినీరింగ్ ఒక్కటే తేల్చదు.

పరేడ్ గ్రౌండ్‌లో లైను మారాం. ముషీరాబాద్, చిక్కడపల్లి, నారాయణగూడ, సుల్తాన్‌బజార్. ఎంజీబీఎస్ రాగానే ఇదే చివరి స్టేషన్ అని అనౌన్స్‌మెంట్. కింద మూసీ.

“దిగాలేటి? చెల్లి ఇల్లు ఇక్కడేనా?”

“కాదు. ఇక్కణ్ణుంచి ఆటో.”

నాన్న నా వైపు ఒక చూపు చూశాడు.

అయిదున్నర కిలోమీటర్లు

అసలు ప్లాన్‌లో ఈ లైను జేబీఎస్ నుంచి ఫలక్‌నుమా దాకా. ఎంజీబీఎస్ తర్వాత మిగిలింది అయిదున్నర కిలోమీటర్లే. దారుల్‌షిఫా, శాలిబండ మీదుగా పాతబస్తీ మధ్య నుంచి వెళ్లాలి. అక్కడ రోడ్లు ఇరుకు. పక్కనే మసీదులు, దర్గాలు, గుళ్లు, చారిత్రక కట్టడాలు, తరాలుగా నడుస్తున్న దుకాణాలు. ఏది కదిపినా వివాదమే. మిగతా లైన్లు పరుగెడుతుంటే ఇది కాగితం మీదే ఉండిపోయింది.

2024 మార్చి 8న ఫలక్‌నుమా దగ్గర ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి దీనికి శంకుస్థాపన చేశారు. ఇప్పుడిది రెండో దశలో భాగం. చాంద్రాయణగుట్ట దాకా పొడిగించి ఏడున్నర కిలోమీటర్లు చేశారు. రోడ్డు వెడల్పు కోసం దారి పక్క ఇళ్లు, దుకాణాలు తీసుకుంటున్నారు. సగం కొట్టేసిన గోడల మధ్య నుంచే మా ఆటో వెళ్లింది. ఒక గోడకి ఇంకా అద్దం వేలాడుతోంది. మెట్రో ఆలస్యమైందని నేను విసుక్కుంటుంటే, అది వస్తోందని ఇల్లు వదిలినవాళ్లు ఇక్కడున్నారు. ఆ సంగతి నాకు అంతవరకూ తట్టలేదు.

అత్త అమీర్‌పేటలో ఒక లేడీస్ హాస్టల్‌లో వంట చేస్తుంది. నేను కోర్సు నేర్చుకున్న వీధి పక్క వీధే. పొద్దున్నే షేర్ ఆటోలో ఎంజీబీఎస్, అక్కణ్ణుంచి మెట్రో. ఎంఎంటీఎస్ రైలు చవకే కానీ ఒకటి తప్పితే ఇంకోటి ఎప్పుడొస్తుందో చూసుకోవాలి.

“మెట్రో ఇక్కడికొస్తే నీకేం మారుతుంది అత్తా?” అని అడిగాను.

“ఇంకో గంట నిద్ర మిగుల్తాదిరా. అంతే.”

నాకు 2018లోనే మిగిలింది అది. అత్తకి ఇంకా రాలేదు. ఇద్దరం ఒకే మెట్రో ఎక్కుతాం, ఒకే అమీర్‌పేటలో దిగుతాం.

అటు చివర హౌరా

ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్‌కి అటు చివర హౌరా. అక్కడి కథ ఇంకా విచిత్రం. దేశంలో మొదటి మెట్రో కోల్‌కతాదే, 1984లో మూడున్నర కిలోమీటర్లలోపు ముక్కతో మొదలైంది. అది భూగర్భ రైలు. ఆ తర్వాత తూర్పు పడమరలు కలిపే లైను 2020లో సాల్ట్‌లేక్ వైపు మొదలైంది. 2024 మార్చిలో హౌరా నుంచి హుగ్లీ నది కింద నుంచి ఎస్ప్లనేడ్ దాకా తెరిచారు. నదిని దాటారు కానీ మధ్యలో బౌబజార్ దగ్గర చిక్కుకుపోయారు. 2019లో అక్కడ సొరంగం తవ్వుతుంటే ఇళ్లు కుంగిపోయాయి. రెండు చివరలా రైళ్లు తిరుగుతూ, మధ్య ముక్క మాత్రం 2025 ఆగస్టు దాకా ఆగింది. అయినా చివరికి కలిసింది. పాతబస్తీ వాళ్లకి ఇది ధైర్యమిచ్చే కథే.

ఇక మన వంతు

ఇటు చివర, అటు చివర మెట్రో ఉంది. మధ్యలో మనం. విశాఖ మెట్రో మాట ఏళ్లుగా వింటున్నాం. ఇప్పటి ప్రణాళిక కూడా దశలే. మొదటి దశలో విశాఖలో మూడు కారిడార్లు, 46 కిలోమీటర్ల పైచిలుకు. రెండో దశలో కొమ్మాది నుంచి విజయనగరం జిల్లా భోగాపురం ఎయిర్‌పోర్టు దాకా దాదాపు 30 కిలోమీటర్లు.

మా పెదనాన్న కొడుకు విజయనగరంలో ఉంటాడు. రోజూ విశాఖకి ఉద్యోగానికి వెళ్లొస్తాడు. మ్యాప్ ఫార్వర్డ్ చేసి “మనకీ మెట్రో అన్నయ్యా” అని మెసేజ్ పెట్టాడు. పాత నేనైతే ఒక థంబ్ పెట్టి ఊరుకునేవాణ్ణి. ఈసారి “మనది ఏ దశలో ఉందో చూశావా?” అని అడిగాను. రెండో దశ అంటే రాదని కాదు. తేదీ, డబ్బు, భూమి ముందే తేల్చకపోతే, మొదటి దశ రిబ్బన్ కట్ చేసిన రోజే ఊరంతా మెట్రో వచ్చేసిందని అనేసుకుంటుంది. అప్పటిదాకా గట్టిగా అడిగినవాళ్లు కూడా రైలెక్కి వెళ్లిపోతారు. నేను అలాగే వెళ్లిపోయాను కదా!

తిరుగు ప్రయాణంలో తెల్లవారుజామున ఆమదాలవలసలో దిగాం. మా వెనకే రైలు పలాస వైపు కదిలింది. బయట ఆటోవాళ్లు “శ్రీకాకుళం, శ్రీకాకుళం” అని అరుస్తున్నారు.

నాన్న సంచి భుజానికెత్తుకుని అన్నాడు: “ఈ రైలూ అక్కడికెల్లదు, ఆ రైలూ అక్కడికెల్లదు. మన ఊరి రైలు మన ఊరికే రాదు. పద, ఆటో ఎక్కుదుం.”