ముందు ధర, తర్వాత సంతకం



సాఖర్ పేట, దాజీ పేట, భవానీ పేట, ఎటు చూసినా మన పెద్దలు కట్టిన ఇళ్లు ఒక్కొక్కటే అమ్మకానికి వస్తున్నాయి. కొందరి సాంచాలు అక్కల్‌కోట్ రోడ్డు ఎంఐడీసీకి పోయాయి, కొందరి పిల్లలు పుణే, హైదరాబాద్ పోయారు. మా నాయిన ఇల్లు కూడా మొన్న అమ్మాం. నాయిన 2023లో పోతే, అమ్మకం ముగిసేసరికి రెండేళ్లు దాటింది. ఆ రెండేళ్లలో తెలుసుకున్నది ఎవరికైనా అక్కరకు వస్తుందని రాస్తున్నాం.

మేము నలుగురు తోబుట్టువులం, ఇద్దరు మగ, ఇద్దరు ఆడ. కింద నాలుగు సాంచాలు, పైన కాపురం. అమ్మ ముందే పోయింది. నాయిన వీలునామా రాయలేదు. మొదట బేరానికి వచ్చినాయన వకీలు మాత్రం "ప్రొబేట్ తెచ్చారా?" అని అడిగాడు. ప్రొబేట్ అంటే వీలునామా నిజమైనదని కోర్టు ఇచ్చే ధ్రువీకరణ. వీలునామానే లేనప్పుడు ప్రొబేట్ ఎక్కడిది? వీలునామా ఉన్నా, సోలాపూర్‌లో రాసి సోలాపూర్ ఇంటికే సంబంధించినదైతే మనకు అది తప్పనిసరి కాదు. ఆ నిబంధన 2025 వరకు ముంబై, చెన్నై, కోల్‌కతా వంటి చోట్ల కోసం ఉండేది.

వీలునామా లేని ఇంటికి కావలసింది వారసుల నమోదు. మన రాష్ట్రంలో 1827 నాటి బొంబాయి రెగ్యులేషన్ కింద సివిల్ కోర్టు వారస్ దాఖలా ఇస్తుంది. దాంతో సిటీ సర్వే ఆఫీసులో ప్రాపర్టీ కార్డు మీద నలుగురి పేర్లూ ఎక్కించుకున్నాం. కార్పొరేషన్ ఇంటిపన్ను బిల్లులో ఎవరి పేరుంటే ఇల్లు వాళ్లదే అనుకునేవాళ్లు మనలో చాలామంది. ఆ బిల్లు పన్ను వసూలుకే, హక్కుకు రుజువు కాదు.

పేర్లు ఎక్కించేటప్పుడే చుట్టాల మాటలు మొదలయ్యాయి. "ఆడపిల్లల పేర్లెందుకు? పెండ్లిళ్లప్పుడు పెట్టుడు పెట్టిండ్రు గదా. నూలు పున్నమికి రాఖీ కట్టనీకి వస్తరు, అప్పుడే హక్కసోడ్ మీద సంతకం తీసుకోండ్రి." మన దగ్గర ఇది మామూలే. మార్కండేయ రథం చూసి, అన్నదమ్ములకు రాఖీ కట్టి, చీర తీసుకొని, సంతకం పెట్టి పోయిన ఆడపడుచులు మన గల్లీల్లో ఎందరో ఉన్నారు. ఎంత విలువైన దాన్ని వదులుకున్నారో వాళ్లలో చాలామందికి ఎవరూ చెప్పలేదు.

చట్టంలో 1956 నుంచే ఉంది. వీలునామా రాయకుండా పోయిన తండ్రి సొంత ఆస్తిలో కొడుకుకూ కూతురికీ సమాన వాటా. చట్టం సంగతి అటుంచినా, ఆ ఇల్లు ఎట్లా లేచిందో మాకు తెలుసు. నాయిన సాంచా మీద నిలబడితే అమ్మ బీడీలు చుట్టింది. పెద్దక్కా చెల్లే బడి నుంచి వచ్చి తునికాకు కత్తిరించి, చాట ఒళ్లో పెట్టుకొని అమ్మ పక్కన కూర్చునేవారు. మగపిల్లలం పుస్తకాలు పట్టుకునేవాళ్లం. కాగితం నాయిన పేరు మీదే ఉంది. స్లాబు వేసిన డబ్బులో మాత్రం వాళ్లు చుట్టిన బీడీల కూలీ కూడా ఉంది.

అందుకని ఒక్క నియమం పెట్టుకున్నాం. ముందు ధర తేలాలి, ఆ తర్వాతే ఎవరు ఉంచుకుంటారు, ఎవరు వదులుతారు అన్న మాట. ధరకు మూడు లెక్కలు చూశాం. ఒకటి రెడీ రెకనర్, అంటే స్టాంపు డ్యూటీ కోసం ప్రభుత్వం కట్టే రేటు. రెండు, రిజిస్టర్డ్ వాల్యుయర్ రిపోర్టు, అందులో స్థలానికి వేరుగా, పాత కట్టడానికి వేరుగా రాయించాం. మూడు, అదే గల్లీలో ఈమధ్య అమ్ముడైన ఇళ్ల ధరలు. సాంచాలు అన్న కొన్నవి కాబట్టి ఇంటి లెక్కలో కలపలేదు. వాల్యుయర్ ఫీజు నలుగురం పంచుకున్నాం, రిపోర్టు నకలు నలుగురం తీసుకున్నాం.

ఆ ధరకు ముందు అన్ననే అడిగాం. హిందూ వారసత్వ చట్టం 22వ సెక్షన్ ప్రకారం ఒక వారసుడు తన వాటా అమ్మదలిస్తే, కొనుక్కునే మొదటి హక్కు తక్కిన వారసులది. ధర కుదరకపోతే కోర్టు తేలుస్తుంది. అన్న మూడు వాటాల డబ్బు సమకూర్చలేకపోయాడు. ఆ రోజు ఇంట్లో ఎవరూ సరిగా అన్నం తినలేదు. ఆ కింది గదిలోనే పని నేర్చుకున్న మనిషిని సాంచాలు ఎత్తుకొని పొమ్మనడం తేలిక మాట కాదు. కిరాయికి షెడ్డు చూసుకోవడానికి ఆరు నెలల గడువు ఇవ్వాలని అమ్మకపు కరారులోనే రాయించాం.

కొనేవాళ్లు సగం నగదు ఇస్తామన్నారు. ఒప్పుకోలేదు. ఇంటి అమ్మకంలో 20,000 రూపాయలు, ఆపైన నగదుగా తీసుకుంటే అంత మొత్తమూ జరిమానా పడవచ్చు. అంతకంటే పెద్ద సంగతి ఇంకోటుంది. నగదు వచ్చేది మగవాళ్ల చేతికి. ఆడపడుచుల వాటా దస్తావేజులో రాసిన తక్కువ ధర మీదే తేలుతుంది. మేము నాలుగు చెక్కులు, నలుగురి పేర్ల మీద తీసుకున్నాం. పన్ను కూడా ఎవరిది వాళ్లే కట్టుకున్నాం. 2001 ఏప్రిల్ 1కి ముందు కొన్న ఇల్లయితే ఆనాటి విలువను కొన్న ధరగా చూపించుకోవచ్చు, కాకపోతే అది ఆనాటి ప్రభుత్వ రేటును మించకూడదు. వాల్యుయర్ వచ్చినప్పుడే ఆ పాత విలువ కూడా రాయించుకోండి.

డబ్బు పడిన నెలకు పెద్దక్క తన వాటాలోంచి కొంత తీసి అన్న షెడ్డు అడ్వాన్సుకు ఇచ్చింది. ఎవరూ అడగలేదు. చెల్లె తన వాటాతో కూతురి చదువు అప్పు తీర్చుకుంది. దానికీ ఎవరూ పేరు పెట్టలేదు. ముందే సంతకం తీసుకొని ఉంటే పెద్దక్క ఇచ్చేదీ ఉండేది కాదు, అన్న పుచ్చుకునేదీ ఉండేది కాదు.

వచ్చే నూలు పున్నమికి ఎవరింట్లోనైనా హక్కసోడ్ కాగితం సిద్ధంగా ఉంటే, దాని పక్కన ఇంటి ధర కాగితం కూడా పెట్టండి. అది చదివిన తర్వాత కూడా ఆమె వదులుకుంటానంటే, అది ఆమె ఇష్టం.