నూనె ఎటు పోయింది?

నేను అమెరికాలో, మిషిగన్ రాష్ట్రంలో ఉంటున్నప్పుడు 1968లో తయారైన పాత కారు ఒకటి కొన్నాను. మామూలు కారుకు పెద్ద ఇంజను బిగించిన ఇటువంటివాటిని అక్కడ "మజిల్ కార్లు" అంటారు. నా కారుకు గేర్లు వాటంతట అవే మారేవి.

కొన్నాళ్ళకు గేరు మారినప్పుడల్లా కారు ఎగిరిపడసాగింది. చూస్తే గేరుపెట్టెలో నూనె తగ్గిపోయి ఉంది. పోశాను, మళ్ళీ తగ్గింది. గేరుపెట్టె విప్పించాలంటే నేను కూడబెట్టిన డబ్బంతా అయిపోయేలా ఉంది. కారు అమ్మేద్దామనుకున్నాను.

అప్పుడు పదేళ్ళ మా అమ్మాయి కారు కిందికి తొంగిచూసి, "నాన్నా, నేలమీద ఒక్క చుక్కయినా లేదే! మరి నూనె ఎటు పోతున్నది?" అన్నది.

కారు వెనక తెల్లని పొగ వస్తూండటం నాకు గుర్తుకు వచ్చింది.

ఆ గేరుపెట్టెకు ఒక చిన్న డబ్బీ తగిలించి ఉంటుంది. అందులో రబ్బరు పొర. పొరకు ఒక పక్క గేరుపెట్టె, రెండో పక్క ఇంజనుకు పోయే సన్నని గొట్టం. ఇంజను ఆ గొట్టంలోని గాలిని పీలుస్తుంది. ఇంజను మీద భారం తక్కువైతే ఎక్కువగానూ, భారం పెరిగితే తక్కువగానూ పీలుస్తుంది. దాన్నిబట్టే గేరు ఎప్పుడు, ఎంత గట్టిగా మారాలో నిర్ణయమవుతుంది. పొర చిరిగితే గేర్లు ఆలస్యంగా, కుదుపుతో మారుతాయి. నూనె ఇంజనులోకి పోయి, కాలి పొగ అవుతుంది.

గొట్టం ఊడదీసి చూశాను. లోపల ఎర్రని గేరు నూనె!

కొద్దిపాటి డబ్బుతో డబ్బీ మార్చాను. గేర్లు మెత్తగా మారసాగాయి. కారు మా ఇంట్లోనే ఉండిపోయింది.

పెద్ద యంత్రాన్ని విప్పబోయే ముందు చిన్న ప్రశ్న వేసుకోవాలని నాకు నేర్పినది మా అమ్మాయే.