ఉమ్మడి భాండాగారము

ఇంటిలో ఒక మూలనున్న నిల్వపెట్టెను నెట్‌వర్క్ ద్వారా నా కంప్యూటరునకు జతపరచి, దానికి ‘జెడ్’ అను అక్షరమును కేటాయించినంతనే, గోడకావలి డిస్కులోని నాన్నగారి ఛాయాచిత్రములన్నియు ఈ యంత్రము యొక్క స్వంత సొత్తువలె తెరపై నిలుచుట చూచినప్పుడెల్ల నాకు విస్మయమే కలుగును. దూరస్థమైనదానిని సమీపస్థముగా తోపింపజేయు ఈ విద్యను ఐబీఎంలో బ్యారీ ఫైగెన్‌బామ్ 1983లో ఎస్‌ఎంబీగా రూపొందింపగా, అది తరువాత విండోస్‌లో పాదుకొనెను. సన్ మైక్రోసిస్టమ్స్ వారు 1984లో ఎన్‌ఎఫ్‌ఎస్ పేరిట యూనిక్స్ యంత్రములకు వేరొక మార్గము నేర్పిరి. అయినను ఆ రెండు లోకముల నడుమ వంతెన కట్టిన ఆండ్రూ ట్రిడ్జెల్ యెడలనే నాకు గౌరవమధికము: ఆస్ట్రేలియాలో పరిశోధక విద్యార్థిగా నుండగా, 1992 ప్రాంతమున, యంత్రములు పరస్పరము పంపుకొను సందేశములను ఓపికతో పరిశీలించి, వాని నియమములను గ్రహించి ఆయన ఆరంభించిన సాంబా, ఈనాటికిని ఉచితముగా లభించుచు, ఎన్నో గృహములలోని నిల్వపెట్టెలలో పనిచేయుచున్నది. మిత్రులకొక మనవి: 2017లో వన్నాక్రై అను దుష్ట ప్రోగ్రాము విజృంభించినది విండోస్‌లోని ఎస్‌ఎంబీ తొలి సంస్కరణమునందలి లోపము గుండానే గనుక, పాత యంత్రములలో ఆ సంస్కరణమును తప్పక నిలిపివేయుడు, ఎస్‌ఎంబీ వాడు 445వ పోర్టును ఇంటర్నెట్టువైపు తెరచియుంచకుడు.